‘మల్టీఫోకల్ లివర్ క్యాన్సర్’ అని వచ్చిన పేషెంట్, కనబడని హెపాటిక్ వీన్స్: ఒక కేసు పూర్తిగా

నేను వైజాగ్‌లో రేడియాలజిస్టుని, రీసెర్చ్ కూడా లివర్, పొట్ట ఇమేజింగ్ మీదే చేస్తున్నాను. ఈ కేసులో ఒక్క ఫైండింగ్ కూడా వింతైనది కాదు, అన్నీ పీజీలో చదువుకున్నవే, అయినా ఒక మనిషి తనకి అక్కర్లేని, పైగా లివర్‌ని నిజంగా దెబ్బతీసే ప్రొసీజర్ గుమ్మం దాకా వెళ్ళింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. రాయడానికి పేషెంటూ ఆమె భర్తా ఒప్పుకున్నారు. వయసు, ఊరు, కుటుంబం వివరాల్లో కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను, స్కాన్‌లో కనిపించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

నేపథ్యం

ముప్ఫై దాటిన ఒకావిడ, శ్రీకాకుళం వైపు పల్లె. మందు లేదు, షుగర్ లేదు, ఎప్పుడూ పచ్చకామెర్లు రాలేదు, ఇంట్లో ఎవరికీ లివర్ జబ్బు లేదు. కొన్ని నెలలుగా పొట్ట ఎత్తుగా వస్తోంది. మొదట గ్యాస్ అన్నారు, పెళ్ళయి చాలా ఏళ్ళు అయినా పిల్లలు లేరు కాబట్టి ఊళ్ళో కొందరు వట్టి మనిషి కాదేమో అని కూడా అనుకున్నారట. తర్వాత కాళ్ళ వాపులు మొదలయ్యాయి, కుడి డొక్కలో బరువుగా నొప్పి, రెండు ముద్దలు తింటే కడుపు నిండిపోవడం. అప్పుడు స్కాన్ చేస్తే పొట్టలో నీరు.

తర్వాత జరిగింది మన దగ్గర ఏ అసైటిస్ (పొట్టలో నీరు) పేషెంట్‌కైనా జరిగేదే. నీరు తీశారు, నీరు పోయే బిళ్ళలు ఇచ్చారు, ఉప్పు మానేయమన్నారు, కొన్నాళ్ళకి మళ్ళీ నిండింది, మళ్ళీ తీశారు. హెపటైటిస్ బి, సి రెండూ నెగెటివ్. అల్ట్రాసౌండ్‌లో లివర్ గరుకుగా ఉంది, లోపల ఏవో గడ్డలున్నాయి అని రాస్తే ట్రైఫేసిక్ సీటీ (కాంట్రాస్ట్ ఇచ్చి మూడు దశల్లో తీసేది) తీయించారు. ఆ రిపోర్టులో సిర్రోసిస్ (మచ్చలు పడి గట్టిపడడం) లక్షణాలున్న లివర్, రెండు లోబ్స్‌లోనూ ఆర్టీరియల్ ఫేజ్‌లో (కాంట్రాస్ట్ ఇంకా ఆర్టరీల్లో ఉన్న మొదటి దశలో) మెరిసే చాలా నాడ్యూల్స్ (గడ్డలు), అన్నిట్లో పెద్దది సుమారు 3 సెంటీమీటర్లు, అందులో వాషౌట్ (తర్వాతి దశల్లో ఆ మెరుపు పోవడం), కాబట్టి ఎల్‌ఆర్-5 (ఖచ్చితంగా క్యాన్సర్ అనే గ్రేడ్), మల్టీఫోకల్ హెచ్‌సీసీ (చాలా చోట్ల ఉన్న లివర్ క్యాన్సర్) అని ఉంది. ఆపరేషన్‌కి కుదరదు, టేస్ (గడ్డకి వెళ్ళే ఆర్టరీలోంచి మందు పెట్టి దాన్ని మూసేయడం) చేద్దాం అని సలహా.

ఆ రిపోర్టు, ఒక కవర్ నిండా కాగితాలు పట్టుకుని పలాస ట్రైన్ ఎక్కి వైజాగ్ వచ్చారు. తల్లి కూడా వచ్చింది. “కేన్సరంట బాబూ, రక్తనాళంలోంచి మందెట్టి మూసేస్తారంట, అదైనా సెయ్యండి” అని ఆవిడ నాతో అన్న మొదటి మాట.

మా దగ్గరికి వచ్చిన ప్రశ్న

రిక్వెస్ట్ ఫారం మీద టేస్ ప్లానింగ్ అని ఉంది, అంటే డయాగ్నసిస్ అయిపోయింది, ఏ ఆర్టరీ ఎటు వెళ్తోందో చూసి చెప్పమని అడుగుతున్నారు. ఇలాంటి ఫారం చేతికొస్తే దాని మీద రాసినదానికి మాత్రమే జవాబివ్వడం చాలా సులువు. కానీ ఎంబొలైజేషన్ (ఇలా ఆర్టరీ మూసేయడం) ముందు నేను ఎవరికైనా ఒకటి చూస్తాను, ఆ లివర్‌కి పోర్టల్ వీన్ (పేగుల నుంచి లివర్‌కి రక్తం తెచ్చే సిర) సరిగ్గా రక్తం పంపుతోందా అని. మామూలు లివర్‌కి ఎక్కువ రక్తం పోర్టల్ వీన్ నుంచే వస్తుంది, కాబట్టి ఆర్టరీ మూసినా లివర్ తట్టుకుంటుంది. పోర్టల్ ఫ్లో బలహీనంగా ఉన్నా, వెనక్కి తిరిగినా ఆ లివర్ బతికేదే ఆర్టరీ మీద, దాన్ని మూస్తే ట్యూమర్‌తో పాటు మిగిలిన లివర్ కూడా పోతుంది.

ఆ కవర్‌లో ఉన్నవన్నీ ముందేసుకుని చదివితే మూడు విషయాలు నాకు మింగుడుపడలేదు.

ఒకటి, ఈ వయసులో, ఏ వైరస్ లేకుండా, మందు లేకుండా, ఇంత పెద్ద సిర్రోసిస్ ఎలా వచ్చింది? కారణం ఎవరూ రాయలేదు. రెండు, ఇన్ని గడ్డలున్నా ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్‌కి చూసే రక్త పరీక్ష) నార్మల్. ఇది ఒక్కటే అయితే పట్టించుకోను, చాలా హెచ్‌సీసీల్లో ఏఎఫ్‌పీ పెరగదు. మూడోది నన్ను నిజంగా ఆపింది, మొదటిసారి నీరు తీసినప్పుడు పంపిన ఫ్లూయిడ్ రిపోర్టు. సాగ్ (రక్తంలో, పొట్ట నీటిలో ఉన్న అల్బుమిన్‌ల తేడా) 1.1 కంటే ఎక్కువ ఉంది, అంటే పోర్టల్ హైపర్‌టెన్షన్ (పోర్టల్ వీన్‌లో ప్రెషర్ పెరగడం) వల్ల వచ్చిన నీరు, అంతవరకు సిర్రోసిస్‌తో సరిపోతుంది. కానీ ప్రోటీన్ 2.5 గ్రాముల పైన ఉంది. ముదిరిన సిర్రోసిస్‌లో నీరు సాధారణంగా పల్చగా, ప్రోటీన్ తక్కువగా ఉంటుంది. ప్రెషర్ ఎక్కువ, ప్రోటీన్ కూడా ఎక్కువ అంటే అడ్డంకి లివర్ లోపల కాదు, లివర్ దాటాక ఎక్కడో ఉందని అర్థం: గుండె, గుండె చుట్టూ పొర, ఐవీసీ (కింది నుంచి గుండెకి రక్తం తీసుకెళ్ళే పెద్ద సిర), లేదా హెపాటిక్ వీన్స్ (లివర్ నుంచి ఐవీసీలోకి రక్తం తీసుకెళ్ళే మూడు సిరలు). ఖరీదు తక్కువ టెస్టు, నెలల కిందటే చేశారు, ఫైల్‌లో అడుగున ఉండిపోయింది.

ఎకో (గుండె స్కాన్) ముందు చేయించాం, ఎందుకంటే మన దగ్గర టీబీ వల్ల వచ్చే కన్‌స్ట్రిక్టివ్ పెరికార్డైటిస్ (గుండె చుట్టూ పొర గట్టిపడడం) కూడా అచ్చం ఇలాగే పొట్ట నీరుతో వస్తుంది. గుండె బాగుంది. ఇక మిగిలింది వీన్స్.

డాప్లర్

పాత డాప్లర్ (రక్త ప్రవాహం చూపించే అల్ట్రాసౌండ్) రిపోర్టు ఒకటి ఉంది. అందులో “అసైటిస్, గ్యాస్ వల్ల హెపాటిక్ వీన్స్ సరిగా కనబడలేదు” అని ఒక లైన్. ఈ లైన్ మనం అందరం రాస్తాం, రోజూ రాస్తాం. చాలాసార్లు అది నిజంగా టెక్నికల్ ఇబ్బందే. కానీ సిర్రోసిస్‌కి కారణం తెలీని యువతిలో హెపాటిక్ వీన్స్ కనబడలేదంటే అది స్కాన్‌లో లోటు అని వదిలేయకూడదు, అదే ఫైండింగ్ అయ్యుండొచ్చు అనుకుని మళ్ళీ చూడాలి. ఉన్న వీన్ కనబడలేదా, కనబడడానికి అసలు వీన్ ఉందా, ఈ రెండూ వేరు ప్రశ్నలు.

కాబట్టి ముందు కొంత నీరు తీయించి, రాత్రి నుంచి ఏమీ తినకుండా రమ్మని, హడావిడి లేని టైములో నేనే కూర్చుని చేశాను. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి పక్కటెముకల మధ్య నుంచి చూశాను, స్కేల్ బాగా తగ్గించాను, వాల్ ఫిల్టర్ తగ్గించాను, లేకపోతే నెమ్మదిగా కదిలే రక్తం మెషిన్‌లో సున్నాగా కనిపిస్తుంది. మామూలు హెపాటిక్ వీన్ డాప్లర్‌లో గుండె కొట్టుకునే లయ పైకీ కిందకీ కనిపిస్తుంది, ట్రైఫేసిక్ అంటాం. ఈవిడకి మిడిల్, లెఫ్ట్ వీన్స్ ఉండాల్సిన చోట సన్నటి తెల్లటి తాళ్ళు, లోపల ఫ్లో లేదు. రైట్ హెపాటిక్ వీన్ మాత్రం ఉంది, వెడల్పుగానే ఉంది, కానీ ఐవీసీలో కలిసే చోట కొద్ది దూరం మూసుకుపోయింది, దాంతో అందులో రక్తం వెనక్కి తిరిగి, లివర్ లోపలే కామా ఆకారంలో వంకరలు పోయిన కొలాటరల్స్ (పక్కదారి నాళాలు) మీదుగా కాప్స్యూల్ (లివర్ పై పొర) వైపు పోతోంది. గెడ్డకి (చిన్న ఏరుకి) కింద అడ్డుకట్ట పడితే నీరు ఆగిపోదు కదా, పక్క పొలాల మీదుగా కొత్త దారి చేసుకుంటుంది, లోపల జరిగింది అదే. కాడేట్ లోబ్ (లివర్ వెనక ఉండే చిన్న భాగం) బాగా పెరిగింది, అందులోని వీన్ కూడా లావుగా కనిపించింది. కాడేట్ లోబ్‌కి ఐవీసీలోకి నేరుగా వెళ్ళే తన సొంత చిన్న వీన్స్ ఉంటాయి, పెద్ద వీన్స్ మూసుకుపోయినా అది బతికి, పెరుగుతుంది. అలా పెరిగిన కాడేట్ ఐవీసీని నొక్కేసి చీలికలా చేసింది, కాళ్ళ వాపులకి కారణం అది. పోర్టల్ వీన్‌లో ఫ్లో చాలా నెమ్మదిగా ఉంది.

బడ్-కియారి సిండ్రోమ్. 1845లో బడ్, 1899లో కియారి వర్ణించిన జబ్బు, లివర్‌లోంచి రక్తం బయటికి పోయే దారి మూసుకుపోవడం.

ప్రోబ్ చేతిలో ఉండగానే పిల్లల గురించి అడిగాను. ఆ వీన్స్‌లో క్లాట్స్ (రక్తం గడ్డలు) ఎందుకు కట్టాయో వెతకాలి కదా, అందుకు. భర్త తల దించుకున్నాడు, తల్లే చెప్పింది: “కడుపు నిలవనేదు బాబూ. రెండుపాలి నెలలు దాటినాక పోనాది, ఇంకోపాలి ముందే.” ఈ హిస్టరీ ఏ కేస్‌షీట్‌లోనూ లేదు. లివర్ క్యాన్సర్ పేషెంట్‌ని గర్భస్రావాల గురించి ఎవరు అడుగుతారు? పేరు పెట్టేశాక అడగాల్సిన ప్రశ్నలు కూడా ఆ పేరుకి తగ్గట్టే కుంచించుకుపోతాయి.

అదే సీటీని మళ్ళీ చదివితే

వాళ్ళు తెచ్చింది ఫిల్మ్స్ మాత్రమే. భర్తని పంపి సీడీ తెప్పించాను. పోర్టల్ ఫేజ్‌లో, అంటే ఇంజెక్షన్ ఇచ్చిన సుమారు 70 సెకన్లకి, పోర్టల్ వీన్ తెల్లగా నిండింది, కిడ్నీల దగ్గర ఐవీసీ కూడా నిండింది, కానీ హెపాటిక్ వీన్స్ నల్లగానే ఉన్నాయి. ఫేజ్ కొంచెం తొందరగా తీశారేమో అనిపిస్తుంది, మొదట చదివినవాళ్ళూ అలాగే అనుకుని ఉండొచ్చు. అయితే డిలేడ్ ఫేజ్‌లో కూడా అవి నిండలేదు. ఆర్టీరియల్ ఫేజ్‌లో కాడేట్, మధ్యభాగం ముందుగా మెరిసి అంచులు మచ్చలు మచ్చలుగా ఉండిపోయాయి, తర్వాతి ఫేజ్‌లో అది తిరగబడింది, మధ్యలో తగ్గి అంచుల్లో నిలిచింది. ఇది లివర్‌లో రక్తం ఇరుక్కుపోయిన తీరు. నేనిక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి, మొదటి రిపోర్టులో రాసిన ప్రతి కొలతా, ప్రతి ఎన్‌హాన్స్‌మెంటూ నిజమే, నాడ్యూల్స్ ఉన్నాయి, వాషౌట్ ఉంది. తేడా వచ్చింది ‘మెరిసి వాషౌట్ అయితే క్యాన్సర్’ అనే రూల్‌ని ఈ లివర్‌కి వాడొచ్చా అనే దగ్గర.

ఆ రూల్ లై-రాడ్స్ (లివర్ గడ్డల్ని గ్రేడ్ చేసే సిస్టమ్, ఎల్‌ఆర్-5 అందులోదే) లోది, అది 2011లో మొదలైంది, మనం ఇప్పుడు సీటీ, ఎమ్మారైలకి వాడుతున్నది 2018 వెర్షన్. బయాప్సీ లేకుండా క్యాన్సర్ అని చెప్పే అధికారం రేడియాలజిస్టుకి ఇచ్చిన సిస్టమ్ అది, మామూలు విషయం కాదు. ఆ అధికారం ఎలా వచ్చిందంటే, సిర్రోసిస్ ఉన్న లేదా క్రానిక్ హెపటైటిస్ బి ఉన్న పెద్దవాళ్ళలో హెచ్‌సీసీ వచ్చే అవకాశం ముందే ఎక్కువ కాబట్టి, అలాంటి లివర్‌లో ఆర్టీరియల్‌లో మెరిసి తర్వాత వాషౌట్ అయ్యే గడ్డ దాదాపు హెచ్‌సీసీయే అవుతుంది. అందుకే 18 ఏళ్ళలోపు వాళ్ళకి, పుట్టుకతో వచ్చే హెపాటిక్ ఫైబ్రోసిస్‌కి, బడ్-కియారి లాంటి రక్తనాళాల జబ్బుల వల్ల వచ్చిన సిర్రోసిస్‌కి వాడొద్దని అందులోనే రాసి ఉంది.

బడ్-కియారిలో నాడ్యూల్స్ ఎందుకొస్తాయంటే, బయటికి దారి లేక లివర్‌లో ప్రెషర్ పెరుగుతుంది, పోర్టల్ ఫ్లో తగ్గుతుంది, దాన్ని భర్తీ చేయడానికి హెపాటిక్ ఆర్టరీ ఎక్కువ రక్తం పంపుతుంది. ఎక్కడైతే బయటికి పోయే దారి ఇంకా కాస్త మిగిలి ఉందో అక్కడ ఆ ఆర్టీరియల్ రక్తంతో లివర్ కణాలు పెరిగి ముద్దలు కడతాయి. ఎఫ్‌ఎన్‌హెచ్ (క్యాన్సర్ కాని ఒక రకం లివర్ గడ్డ) లాంటి రీజనరేటివ్ నాడ్యూల్స్ ఇవి. ఆర్టరీ రక్తం కాబట్టి ఆర్టీరియల్ ఫేజ్‌లో మెరుస్తాయి. చాలావరకు తర్వాతి ఫేజ్‌లలో కూడా మెరుపు నిలబడుతుంది, కానీ కొన్నిట్లో వాషౌట్ కనిపిస్తుంది, అదే ప్రమాదం. బొమ్మ చూస్తే రూల్‌కి అక్షరాలా సరిపోతుంది.

అయితే ఇక్కడితో “క్యాన్సర్ కాదు” అని చెప్పేసి చేతులు దులుపుకోవడం కుదరదు. ఏళ్ళ తరబడి ఉన్న బడ్-కియారిలో హెచ్‌సీసీ నిజంగా వస్తుంది. మాకు తెలిసింది ఒక్కటే, సీటీ మీద ఆధారపడి క్యాన్సర్ అనలేం.

బయాప్సీ చేయాలా?

ట్యూమర్ బోర్డులో (అన్ని విభాగాల డాక్టర్లు కలిసి క్యాన్సర్ కేసులు చర్చించే మీటింగ్‌లో) ఎక్కువసేపు మాట్లాడుకున్నది దీని గురించే. చేద్దామన్నవాళ్ళ వాదన తేలికైంది కాదు, 3 సెంటీమీటర్ల గడ్డలో వాషౌట్ పెట్టుకుని ఊరికే ఎలా కూర్చుంటాం అన్నారు. నా వాదన ఇది: పొట్టలో నీరుంది, రక్తం పల్చబడే మందులు వెంటనే మొదలుపెట్టాలి, బయాప్సీ కోసం దాన్ని ఆలస్యం చేస్తే మిగిలిన ఆ ఒక్క రైట్ వీన్ కూడా పూర్తిగా మూసుకుపోవచ్చు. పైగా సన్నటి సూదితో వచ్చే చిన్న ముక్కలో రీజనరేటివ్ నాడ్యూల్‌నీ, బాగా డిఫరెన్షియేట్ అయిన (కణాలు ఇంకా మామూలు లివర్ కణాల్లాగే కనిపించే) హెచ్‌సీసీనీ విడదీయడం పెథాలజిస్టుకి కూడా చాలా కష్టం, తేలని జవాబు కోసం రిస్క్ తీసుకున్నట్టవుతుంది. ముందు ఎమ్మారై చేద్దాం, అందులో కూడా అనుమానంగా ఉంటే అప్పుడు బయాప్సీ అని అందరం ఒక మాట మీదకి వచ్చాం.

ఎమ్మారై కాంట్రాస్ట్‌గా గాడోబెనేట్ వాడాం. గాడాక్సెటేట్ అయితే సుమారు సగం డోసు లివర్ కణాలే తీసుకుంటాయి, 20 నిమిషాల్లో హెపటోబిలియరీ ఫేజ్ (లివర్ కణాలు కాంట్రాస్ట్ తీసుకున్నాక తీసే దశ) వచ్చేస్తుంది, కానీ ఖర్చు ఎక్కువ. గాడోబెనేట్‌లో లివర్‌కి పోయేది చాలా కొంచెమే, అయినా గంటన్నర, రెండు గంటలు ఆగి మళ్ళీ తీస్తే అదే సమాచారం వస్తుంది. డైనమిక్ ఫేజ్‌లు అయ్యాక ఆవిడని బయటికి పంపి, ఇడ్లీ తిని రమ్మని, మళ్ళీ ఎక్కించాం. ఇంకోటి, ఉద్దానం వైపు నుంచి ఎవరొచ్చినా కాంట్రాస్ట్ ముందు క్రియాటినిన్ చూడందే టేబుల్ ఎక్కించం, అక్కడి కిడ్నీ జబ్బు సంగతి వైజాగ్‌లో అందరికీ తెలిసిందే. ఈవిడకి కిడ్నీలు బాగున్నాయి.

ఆలస్యంగా తీసిన ఫేజ్‌లో లివర్ మొత్తం మసకగా, కాంట్రాస్ట్ సరిగ్గా తీసుకోకుండా ఉంటే, నాడ్యూల్స్ మాత్రం తెల్లగా వెలిగాయి. పెద్దది కూడా వెలిగింది, దాని మధ్యలో చిన్న స్కార్ కూడా ఉంది. అంటే అవి పనిచేసే లివర్ కణాలు, కాంట్రాస్ట్‌ని లోపలికి తీసుకునే శక్తి ఉన్నవి. డిఫ్యూజన్‌లో (కణాలు కిక్కిరిసిన చోటుని చూపించే ఎమ్మారై సీక్వెన్స్‌లో) అనుమానించేంత రెస్ట్రిక్షన్ లేదు. కొన్ని హెచ్‌సీసీలు కూడా ఇలా కాంట్రాస్ట్ తీసుకుంటాయి కాబట్టి దీన్ని పక్కా రుజువు అనను. కానీ చాలా నాడ్యూల్స్, అన్నీ ఒకే తీరు, ఏఎఫ్‌పీ నార్మల్, హెపటోబిలియరీ ఫేజ్‌లో వెలుగు, ఇవన్నీ కలిపితే బయాప్సీ వాయిదా వేయడానికి సరిపోయింది. “రీజనరేటివ్ నాడ్యూల్స్ కావచ్చు, 3 నెలలకి అదే ప్రోటోకాల్‌తో మళ్ళీ ఎమ్మారై, ఏఎఫ్‌పీ” అని రాశాను. టేస్ ఆగింది.

కుటుంబానికి చెప్పేటప్పుడు మాటలు చాలా జాగ్రత్తగా వాడాల్సి వచ్చింది. క్యాన్సర్ కాదు అంటే పండగ చేసుకుంటారు, జబ్బు లేదు అనుకుంటారు, ఉన్నది కూడా ప్రాణం మీదకి తెచ్చే జబ్బే. రక్తం బయటికి పోయే దారి మూసుకుపోయింది, దాన్ని తెరవొచ్చు, గడ్డల్ని కనిపెట్టుకుని ఉండాలి అని చెప్పాం. తల్లి అడిగింది, “అయితే ఆ ముందు సెప్పినది అబద్దమా?” అబద్ధం కాదమ్మా, చూసినవి నిజమే, వాటి వెనక కారణం వేరేది అన్నాను.

చేసినవి, నిలవనివి, నిలిచినవి

హెపారిన్ (రక్తం పల్చబడే ఇంజెక్షన్) మొదలుపెట్టే ముందే రక్తం శాంపిల్స్ తీసి పంపమని పట్టుబట్టాం, ఒకసారి మందు మొదలయ్యాక లూపస్ యాంటీకోయాగులెంట్ టెస్టు తప్పుగా రావచ్చు. జాక్2 (క్లాట్స్‌కి దారితీసే ఒక రక్త జబ్బుని పట్టే జీన్ టెస్టు) నెగెటివ్. యాంటీఫాస్ఫోలిపిడ్ (క్లాట్స్ కట్టేలా చేసే యాంటీబాడీల) మూడు టెస్టులూ, లూపస్‌తో సహా, పాజిటివ్. 12 వారాలు దాటాక మళ్ళీ చేస్తే (అప్పటికి వార్ఫరిన్ అనే రక్తం పల్చబడే బిళ్ళ మీద ఉంది కాబట్టి లూపస్ టెస్టుని లెక్కలోకి తీసుకోలేదు) మిగతా రెండూ మళ్ళీ పాజిటివ్. నిలవని గర్భాలకీ, మూసుకుపోయిన వీన్స్‌కీ కారణం ఒకటే అయింది. ఎండోస్కోపీ చేసి అన్నవాహికలో పగిలే ప్రమాదమున్న వేరిసెస్ (ఉబ్బిన సిరలు) లేవని చూసుకున్నాకే యాంటీకోయాగులేషన్ (రక్తం పల్చబడే మందులు) పూర్తి స్థాయిలో ఇచ్చాం. కొత్త రకం బిళ్ళలైతే రక్త పరీక్షల గోల ఉండదు కదా అని భర్త అడిగాడు, మంచి ప్రశ్నే, కానీ ఇలా మూడూ పాజిటివ్ ఉన్నవాళ్ళలో రివరాక్సబాన్‌ని (ఆ కొత్త బిళ్ళల్లో ఒకటి) వార్ఫరిన్‌తో పోల్చిన ఇటలీ ట్రయల్‌ని రివరాక్సబాన్ వైపు ఎక్కువ ఇబ్బందులు వస్తున్నాయని ముందే ఆపేశారు, 2018లో అచ్చయింది. అందుకే వార్ఫరిన్.

మందులతోనే నీరు తగ్గుతుందేమో అని కొన్ని వారాలు చూశాం. తగ్గలేదు. ఈ జబ్బులో మెట్లు మెట్లుగా వెళ్తాం: ముందు యాంటీకోయాగులేషన్, తర్వాత వీన్‌ని తెరవడం, అదీ కాకపోతే టిప్స్ (పోర్టల్ వీన్ నుంచి రక్తం పోవడానికి లివర్ లోపల స్టెంట్‌తో కొత్త దారి వేయడం), చివరికి ట్రాన్స్‌ప్లాంట్. ఈవిడకి రైట్ వీన్‌లో అడ్డంకి చాలా చిన్న భాగమే కాబట్టి నేరుగా టిప్స్‌కి పోకుండా వీన్ తెరవాలని అనుకున్నాం. తెరిస్తే రక్తం లివర్ గుండా పోతుంది, టిప్స్‌లో లివర్‌ని తప్పించుకుని పక్కనుంచి పోతుంది, ఆ తేడా చిన్న వయసు మనిషికి పెద్దది.

మా ఇంటర్వెన్షన్ కొలీగ్ మెడలోని జుగులర్ వీన్ నుంచి ఐవీసీలోకి దిగి, రైట్ వీన్ నోరు కోసం వెతికాడు, దొరకలేదు. ఐవీసీ వైపు నుంచి చూస్తే చిన్న గుంట కూడా లేదు, పూర్తిగా పూడుకుపోయింది. బలవంతంగా పొడిస్తే ఐవీసీ చిరుగుతుంది, అందుకని ఆ రోజుకి ఆపేశాడు. ఆగడం సరైన నిర్ణయం అని నాకు అప్పుడూ అనిపించింది. రెండోసారి దారి మార్చాం. నీరు బాగా తీసేసి, అల్ట్రాసౌండ్ చూస్తూ పక్కటెముకల మధ్య నుంచి రైట్ హెపాటిక్ వీన్‌లోకి నేరుగా సూది పంపి, లివర్ వైపు నుంచి వైర్‌ని అడ్డంకి మీదుగా ఐవీసీలోకి నెట్టి, పైనుంచి స్నేర్‌తో (ఉచ్చులాంటి తీగతో) ఆ వైర్‌ని పట్టుకుని మెడలోంచి బయటికి లాగాం. తర్వాత బెలూన్. వీన్‌కీ గుండె కుడి ఏట్రియమ్‌కీ (పైగదికీ) మధ్య ఉన్న ప్రెషర్ తేడా టేబుల్ మీదే పడిపోయింది. లివర్‌లో సూది పెట్టిన దారిని కాయిల్‌తో మూసేశారు.

అప్పుడే స్టెంట్ పెట్టాలా వద్దా అనేదాని మీద మా ఇద్దరికీ అభిప్రాయం కలవలేదు. 2019లో చైనా నుంచి వచ్చిన రాండమైజ్డ్ ట్రయల్‌లో ఇలాంటి చిన్న అడ్డంకులకి బెలూన్‌తో పాటు స్టెంట్ కూడా పెట్టినవాళ్ళలో మళ్ళీ మూసుకుపోవడం బాగా తగ్గింది, నేను అటు మొగ్గాను. అతని లెక్క వేరు: బెలూన్‌కి వీన్ చక్కగా విచ్చుకుంది, వెనక్కి కుంచించుకోలేదు, వయసు చిన్నది, రేపు ట్రాన్స్‌ప్లాంట్ అవసరమైతే ఐవీసీలోకి పొడుచుకొచ్చిన స్టెంట్ సర్జన్‌కి అడ్డం. చేసేది అతను, టేబుల్ మీద చూసింది అతను, బెలూన్‌తోనే ఆపాం.

మొదట్లో చాలా బాగుంది. నీరు తగ్గింది, అన్నం తింటోంది, డాప్లర్‌లో వీన్ లయ మళ్ళీ వచ్చింది. కొన్ని నెలలకి డాప్లర్‌లో ఆ లయ పోయి ఫ్లో సమంగా, చదునుగా అయిపోయింది, పొట్టలో ఇంకా నీరు రాకముందే. అదే సమయంలో ఐఎన్‌ఆర్ (వార్ఫరిన్ ఎంత పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష) 2 కిందకి పడిపోయి ఉంది, వ్యవసాయం పనుల రోజుల్లో పరీక్షకి టౌన్‌కి వెళ్ళలేదు. వీన్ మళ్ళీ సన్నబడింది. ఈసారి జుగులర్ నుంచే లోపలికి వెళ్ళగలిగారు, స్టెంట్ పెట్టారు. కాడేట్ నొక్కడం వల్ల ఐవీసీ సన్నగా ఉంది కదా, దానికి కూడా స్టెంట్ కావాలా అని చూశాం, లివర్ ప్రెషర్ తగ్గితే కాడేట్ కుంచించుకుని అదే వదులవుతుందని ముట్టుకోలేదు, తర్వాతి స్కాన్లలో అలాగే వదులైంది.

స్టెంట్ కంటే పెద్ద మార్పు ఐఎన్‌ఆర్ విషయంలో చేయాల్సి వచ్చింది. ఇంటికి దగ్గరలో పరీక్ష చేసే ల్యాబ్ ఒకటి భర్త వెతికాడు, రిజల్ట్ ఫోటో వాట్సాప్‌లో హెపటాలజీ వాళ్ళకి వస్తుంది, డోసు వాళ్ళు చెప్తారు. ఆకుకూరలు మానేయమని ఎవరో చెప్తే ఆవిడ తోటకూర, గోంగూర పూర్తిగా వదిలేసింది, అది కూడా మాట్లాడి సరిచేశాం, మానక్కర్లేదు, వారానికి ఇంచుమించు ఒకేలా తింటే చాలు, ఒక వారం అస్సలు లేకుండా, ఒక వారం రోజూ తింటేనే ఐఎన్‌ఆర్ ఊగుతుంది. ఏ నొప్పికైనా ఇంజెక్షన్ చేయించుకోవద్దని, నొప్పి బిళ్ళలు అడక్కుండా వేసుకోవద్దని పెద్ద అక్షరాలతో కాగితం రాసిచ్చాం.

నాడ్యూల్స్ సంగతి

మొదటి 3 నెలల ఎమ్మారైలో అన్నీ ఉన్నవి ఉన్నట్టే. ఆ తర్వాతి దాంట్లో రెండు కొత్త చిన్న నాడ్యూల్స్ కనిపించాయి, ఒకటి కొంచెం పెరిగింది కూడా. మామూలు సిర్రోసిస్‌లో ఇది నిద్ర పట్టనివ్వని రిపోర్టు. ఇక్కడ కూడా కంగారు పడే ముందు అవి ఎలాంటివో చూశాం: అన్నీ ఆలస్యం ఫేజ్‌లో వెలుగుతున్నాయి, ఏఎఫ్‌పీ కదల్లేదు. లివర్‌లో రక్తం దారులు మారితే రీజనరేటివ్ నాడ్యూల్స్ కొత్తవి రావచ్చు, పెరగొచ్చు, తగ్గొచ్చు. అయినా బయాప్సీకి ముందే ఒక గీత గీసుకున్నాం, హెపటోబిలియరీ ఫేజ్‌లో నల్లబడినా, మిగతావాటికి భిన్నంగా ఒక్కటే ఎదిగినా, డిఫ్యూజన్‌లో మారినా, ఏఎఫ్‌పీ పైకి పోతున్నా ఆగకుండా సూది పెట్టాలని. ఇలా ముందే రాసిపెట్టుకోవడం చాలా ఉపయోగపడింది, ప్రతి స్కాన్‌కీ కొత్తగా భయపడే పని తప్పింది, ఆ గీత దాటితే తాత్సారం చేసే వీలూ లేదు. ఇప్పటిదాకా దాటలేదు.

ఈ కేసు తర్వాత మా డిపార్ట్‌మెంట్‌లో లివర్ సీటీ, ఎమ్మారై రిపోర్టు ఫార్మాట్‌లో నాడ్యూల్ పేరా కంటే పైన ఒక లైన్ చేర్చాం: మూడు హెపాటిక్ వీన్స్, ఐవీసీ, పోర్టల్ వీన్ తెరిచి ఉన్నాయా లేదా. ఖాళీగా వదిలితే రిపోర్టు సైన్ అవ్వదు. దాని కిందే సిర్రోసిస్‌కి కారణం తెలుసా అని ఇంకో లైన్. పీజీలు మొదట విసుక్కున్నారు. ఒడిశా వైపు కోరాపుట్, రాయగడ నుంచి, ఇటు మన్యం నుంచి వచ్చే పేషెంట్ల ఫైల్స్‌లో చాలాసార్లు కారణం దగ్గర ఏమీ ఉండదు, ఆ ఖాళీ కనిపిస్తే ఇప్పుడు వాళ్ళే లేచి డాప్లర్ రూమ్‌కి వెళ్తున్నారు. నా రీసెర్చ్‌లో కూడా ఇప్పుడు చూస్తున్నది ఇదే, రక్తనాళాల జబ్బున్న లివర్‌లో మొదటి రోజు ఏ లక్షణం చూసి ఏ నాడ్యూల్‌ని నమ్మొచ్చు, దేన్ని నమ్మకూడదు అని. దానికోసం ప్రతి పేషెంట్‌కీ ప్రతిసారీ అదే కాంట్రాస్ట్, అదే టైమింగ్ అని పట్టుకున్నాం, ఒకసారి గాడోబెనేట్, ఒకసారి ఇంకోటి అయితే పోల్చడానికే ఉండదు. చిన్న ఊళ్ళలో స్కాన్ చేసే మిత్రులకి ఒక విన్నపం, ఫిల్మ్స్‌తో పాటు సీడీ తప్పకుండా ఇవ్వండి, ఈ కేసులో డిలేడ్ ఫేజ్ సీడీలోనే ఉంది, ఫిల్మ్ మీద లేదు.

ప్రస్తుతం నీరు లేదు, నీటి బిళ్ళలు ఆపేశారు, స్టెంట్ పనిచేస్తోంది. మొన్న వచ్చినప్పుడు ఆవిడే అడిగింది, పిల్లల్ని కనొచ్చా అని. హెమటాలజీ, గైనిక్, హెపటాలజీ వాళ్ళు కూర్చుని ఒప్పుకున్నారు, కానీ షరతులతో: నెల తప్పిందని తెలిసిన వెంటనే వార్ఫరిన్ ఆపి హెపారిన్ ఇంజెక్షన్లకి మారాలి, ఎందుకంటే మొదటి నెలల్లో వార్ఫరిన్ బిడ్డకి హాని చేస్తుంది, దాంతో పాటు చిన్న డోసు ఆస్పిరిన్. మా వైపు నుంచి ఇంకో చిక్కుంది. గర్భంలో ఏఎఫ్‌పీ దానంతటదే పెరుగుతుంది, కాబట్టి నాడ్యూల్స్‌కి అది పనికిరాదు, గాడోలినియం ఇవ్వలేం, కాబట్టి హెపటోబిలియరీ ఫేజ్ ఉండదు. అందుకే వాళ్ళు ప్రయత్నం మొదలుపెట్టకముందే పూర్తి ప్రోటోకాల్‌తో ఒక ఎమ్మారై తీసి, ఒక్కో నాడ్యూల్‌కీ నంబరిచ్చి, కొలతలు రాసి ఫైల్‌లో పెట్టాం. ఆ నెలల్లో మా చేతిలో మిగిలేవి స్టెంట్ డాప్లర్, కాంట్రాస్ట్ లేని ఎమ్మారై, ఆ కొలతల కాగితం.